కాలువకి నీళ్లొచ్చాక ఆ గోడ

ఏవండీ,

టీవీ బిగించే అబ్బాయి నాలుగింటికి వస్తానన్నాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టండి. హాల్లో ఉన్న ఆ ఉత్తుత్తి చలిమంట పొయ్యి పైన మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకండి. కూర స్టవ్ మీద ఉంది, పెరుగు ఫ్రిజ్‌లో ఉంది. నేను గుడ్లవల్లేరు బస్సుకి వెళ్తున్నాను.

ఈ బందరు ఉక్కలో చలిమంట ఎవరు కాచుకుంటారని అది కట్టించేటప్పుడే మొత్తుకున్నాను. ఫొటోల్లో బాగుంటుందన్నారు. ఇప్పుడేమో దాని పైన గోడ బోసిగా ఉందని టీవీ కొనుక్కొచ్చారు. బోసిగా ఎందుకుండదు? మనం ఈ ఇంట్లోకి వచ్చింది ఎండాకాలం. అప్పుడు ఇంటి ముందు కాలువ కట్టేసి ఉంది.

నిన్న నీళ్లొదిలారు. సాయంత్రం ఆ నీళ్ల మీది ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా ఆ గోడ మీదే పడింది. గోడంతా అలలు. ఇల్లు మెల్లగా ఎటో తేలిపోతున్నట్టు అనిపించింది.

మోకాళ్లు పట్టేశాక పడవ మానేసి గిలకలదిండి రేవు వైపే వెళ్లని మీ నాన్నగారు కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు. "ఫ్యాను ఆపమ్మా, వినపడట్లేదు" అన్నారు. ఆపేశాను.

టీవీ ఎక్కడ పెట్టాలో నేనొచ్చాక చూద్దాం.

హెప్సిబా

చెప్పడం మర్చిపోయాను. పొద్దు వాలి ఆ అలలు పొయ్యి దాకా దిగేసరికి, ఆయన లుంగీ అంచు తడవకుండా పైకి పట్టుకున్నారు.