కట్ బటన్ మీద వేలు

శారదక్కా,

నువ్వు పోయిన ఏడాదికి మన విన్నిపెగ్ తెలుగు రేడియోలో లైవ్ కాల్స్ మళ్ళీ మొదలయ్యాయి! కులం అడిగి బేస్‌మెంట్ అద్దెకిచ్చేవాళ్ళను నువ్వు నీ షోలో కడిగేశావని మూర్తి అంకుల్ పెట్టి, కాల్స్ ఆపించిన కంప్లైంట్ నిలబడలేదు. మాట ఘాటుగా ఉన్నంత మాత్రాన ప్రసార నిబంధనలు మీరినట్టు కాదని ప్రసారాల మండలి వాళ్ళు తేల్చేశారు!

ఈరోజు నీ సీట్లో నేను కూర్చోగానే వచ్చిన మొదటి కాల్ ఎవరిదనుకున్నావు? ఆయనదే!

"ఆవిడ మాట్లాడింది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పేనమ్మా," అన్నారు.

ఒళ్ళు మండింది. నా వేలు కట్ బటన్ మీదే ఉంది. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వెళ్తుంది కదా, నొక్కితే ఆ మాట ఎవరికీ వినపడదు. నొక్కలేదక్కా! మొత్తం చెప్పనిచ్చాను.

చివర్లో ఆయనే, "ఆవిడుంటే ఈపాటికి నన్ను దులిపేసేది," అన్నారు.

పాట వేసేశాను.