లొరోకో పువ్వుది కూడా తట్టు

చెపితా చెల్లెమ్మా,

మొన్న ఆదివారం పుపూసా రొట్టె తినకుండానే లేచి వచ్చేశానని నొచ్చుకోకు. నీ వంటకి వంక పెట్టలేను. ఇన్నేళ్ళలో ఏనాడూ అడగనిదానివి, ఆ రోజు పిండి చేతిలో పట్టుకుని మెల్లగా "ఎన్ని తట్టమంటారన్నా?" అన్నావు. ఒకటే అని చెప్పలేక లేచాను.

మీ వదిన ఎర్మిందా పోయాక ఇంట్లో అందరూ అలా మెల్లగానే మాట్లాడుతున్నారు. నీ కొట్లో మాత్రం ఆవిడ గొంతు ఇంకా వినిపిస్తుంది: "తనకి చిక్కుడుగింజలు కూరినదే కావాలంటాడు, తీరా నా లొరోకో పువ్వుదాంట్లో సగం లాక్కుంటాడు చూడు చెపితా, సిగ్గులేని మనిషి."

ఈ ఆదివారం వస్తాను. ఏమీ అడక్కు. ఎప్పటిలాగే రెండూ తట్టు. లొరోకోది ఆవిడ కుర్చీ ముందే పెట్టు.

సగమే లాక్కుంటాను.