వేపమండలు కట్టిన ఇల్లు

భైంసా,
20-3-1963, బుధవారం

అవ్వకు లింగమూర్తి దండాలు.

తమ్మీ కొండల్, ఈ ఉత్తరం అవ్వను కూర్చోబెట్టి చదివి వినిపించు.

మొన్న సోమవారం పొద్దున ఆరు గంటలకు యాదవ్వక్క బిడ్డ సక్కుబాయి చనిపోయింది. మశూచి లేచిన పదో రోజు. ఐదేళ్లు నిండలేదు. నేను, బావ, మగపిల్లలిద్దరు కులాసా. అక్క అన్నం ముట్టడం లేదు.

అవ్వా, నువ్వు అడిగినవాటికి జవాబు. నా మోకాలు నయమైంది, సైకిల్ తొక్కుతున్నాను. నువ్వు పంపిన పేలాల ముద్దలు సక్కుబాయి తిన్నది, రెండు దాచుకుంది. ఇక, పిల్లలకు టీకా వేశావా అని. వేశానని డిసెంబరులోనే రాశాను. మళ్లీ అడిగావు. ఆ జబ్బుకే నీ కన్ను పోయింది కాబట్టి అడుగుతావు.

వేయలేదవ్వా.

డిసెంబరులో టీకాలు వేయడానికి వాళ్ల ఊరికి పోయాను. అక్క ఇంటి దర్వాజకు వేపమండలు కట్టి ఉన్నాయి. ఇంట్లో తల్లి పోసిందని, అంటే మశూచి లేచిందని, పైవాళ్లు గడప దాటొద్దని దాని అర్థం. లోపల పిల్లలు నవ్వుతూ ఉరుకుతున్నారు.

“ఎవరికి పోసిందక్కా?” అన్నాను.

“నీకెందుకురా? తల్లి ఉన్న ఇంట్లకు సూది తెస్తవా? గీ అరుగు మీద కూసో, సల్ల తాగు.”

“ఉత్తగనే కట్టినవు కదా?”

నవ్వింది. “పత్తి ఏరే దినాలు తమ్మీ. పిల్లలకు జరమొస్తె ఎవరు సూడాలె? మీ బావ నన్ను బతకనిస్తడా? మల్లొచ్చినప్పుడు ఏద్దువు తియ్.”

సల్ల తాగాను. ఇంకొకరి ఇల్లయితే ఊరి పటేల్‌ను పిలిపించేవాణ్ణి. అక్క కాబట్టి ఊరుకున్నాను. ఒక్క ఇల్లు మిగిలితే ఊరు పూర్తి కాదని, రిజిస్టర్‌లో ముగ్గురు పిల్లల పేర్ల ముందు ‘టీకా అయింది’ అని రాశాను.

ఫిబ్రవరిలో, మిగిలినవాళ్ల కోసం నాతోపాటు టీకాలు వేసే హనుమండ్లు ఆ ఊరికి పోయాడు. అప్పటికి పత్తి అయిపోయింది, అక్క మండలు తీసేసింది. అతను నా రాత చూసి ఆ ఇంటి ముందు ఆగలేదు.

పోయిన గురువారం నాకు కబురందింది. పోయేసరికి దర్వాజకు మళ్లీ మండలు. లోపల చప్పుడు లేదు. మగపిల్లలిద్దరికి అప్పుడే టీకా వేశాను. వాళ్ల చేతులు అక్కే పట్టుకుంది.

“నేను ఉత్తగ కట్టినందుకే తల్లికి కోపమొచ్చింది” అని ఏడుస్తోంది. రిజిస్టర్‌లో నేనేం రాశానో అక్కకు ఇంకా తెలియదు.

రేపటికి ఎనిమిదో రోజు. పిల్లలకు పొక్కు లేచి టీకా కాసిందో లేదో చూడటానికి పొద్దున ఎనిమిదింటికి పోతాను. వాళ్ల జబ్బలు చూడకముందే అక్కకు రిజిస్టర్ సంగతి చెప్తాను. ఎల్లుండి పదకొండు గంటలకు, అదే రిజిస్టర్‌తో ఆదిలాబాద్‌లో మా పెద్ద డాక్టరు ముందు హాజరు కావాలి.

ఇట్లు,
నీ పెద్దకొడుకు, యాదవ్వ తమ్ముడు
లింగమూర్తి