ముందుగది చలి

హెన్‌బ్లాస్ పొలం,
బాలా పైకొండ, వేల్స్.
మార్చి 23, ఆదివారం.

తమ్ముడు గెథిన్‌కు,

అక్క నెరిస్ దీవెనలు. కార్డిఫ్‌లో నువ్వూ మరదలు అన్వెన్ సుఖంగా ఉన్నారని తలుస్తాను. చల్లగా ఉండమని దీవిద్దామంటే కలం ఆగిపోయింది. ఇక్కడ మేం ఆ పనే చేస్తున్నాం.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నువ్వు మధ్యలో అందుకుంటావు. కాగితం మీద అందుకోలేవు. చివరిదాకా చదువు.

పాత నూనె బాయిలర్ పీకించి నువ్వు పెట్టించిన కొత్త హీటింగ్ పనిచెయ్యడం లేదు. నాన్న మంచం ముందుగదిలోకి మార్చాం కదా. ఈ ఊపిరితిత్తులతో ఆయన చలిగదిలో ఉండకూడదని ఆస్పత్రిలో డాక్టరు మనిద్దరి ముందే చెప్పాడు. నువ్వు పెద్దగా తలూపి, ఇల్లంతా నా ఫోనులోంచి నడుస్తుంది, నువ్వు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు నాన్నా అన్నావు. పొద్దునా సాయంత్రమూ నీ మాట నిజమే. నేను గొర్రెల కొట్టంలోకి వెళ్ళాకే ఏదో అవుతుంది. మధ్యాహ్నం తిండికి వచ్చి రేడియేటర్ మీద చెయ్యి వేస్తే వాగులో రాయిని పట్టుకున్నట్టు ఉంటుంది. నాన్న పక్క దుప్పట్లు తడిసినంత చల్లగా ఉంటాయి.

ముందుగది పొయ్యిగట్టు మీద పెట్టించావే, తీగల్లేని తెల్ల థర్మోస్టాటు, అది మాత్రం ఇరవై ఆరు డిగ్రీలంటుంది. నా ఊపిరి నా కళ్ళముందు పొగలా పోతుంటే అది ఇరవై ఆరంటుంది.

కంపెనీ వాళ్ళకి ఫోను చేశాను. మీ ఇల్లు మాకు కనిపిస్తోంది మేడం, హాయిగా ఉంది అన్నాడు అక్కడి మనిషి. నువ్వొచ్చి కూర్చో నాయనా, ఎంత హాయో చూద్దువుగాని అన్నాను. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను. అది తనెవరో గుర్తు తెచ్చుకునేదాకా కోటు వేసుకుని కూర్చున్నాను.

నువ్వేమో తలుపులు తెరిచి పెడతావక్కా, అదే కారణం అన్నావు. గొర్రెలు ఈనే రోజుల్లో తలుపు తెరవకుండా పిల్లల్ని కిటికీలోంచి లోపలికి విసరమంటావా? పైగా మొన్న నువ్వు పంపిన సందేశం ఒకటి. ఆకుపచ్చ ఆకు బొమ్మ, మీ ఇల్లు చుట్టుపక్కల ఇళ్ళకన్నా బాగా పొదుపు చేసింది, అభినందనలు అని. కింద నువ్వు బొటనవేలు ఎత్తి చూపించావు. గెథిన్, మనకి చుట్టుపక్కల ఇళ్ళు ఎక్కడున్నాయి?

నా అనుమానం రాసేస్తున్నాను. కరెంటు ధర పగలు పెరుగుతుందని చెప్పింది నువ్వే. నేను బయటికి వెళ్ళానని ఆ యాప్‌లో చూసి, అక్కడ ఆఫీసులో కూర్చుని వేలితో తగ్గిస్తున్నావని నా నమ్మకం. అడిగితే లేదంటావు. మరి ఎవరు తగ్గిస్తున్నట్టు? కుక్కా?

గురువారం నర్సు లౌరి వచ్చింది. నీతో బడిలో చదివిన లౌరే. మధ్యాహ్నం రావడం నా ఖర్మ. సంచిలోంచి తన థర్మామీటర్ తీసి నాన్న మంచం పక్కన పెట్టింది. పదమూడు. నెరిస్, నువ్వు బాగా చూసుకోవని కాదు, కానీ వచ్చే గురువారం కూడా ఈ గది ఇలాగే ఉంటే ఆయన్ని కింద ఊళ్ళో వృద్ధుల హోమ్‌కి పంపమని రాయక తప్పదు అంది. మా నాన్న రోజుల్లో ఇంట్లో బకెట్లో నీళ్ళు గడ్డకట్టేవమ్మాయ్, ఎవరూ చావలేదు అన్నాడు నాన్న. అందరూ చచ్చారు నాన్నా, నువ్వొక్కడివే మిగిలావు అన్నాను. లౌరి నవ్వింది గాని మాట మార్చుకోలేదు.

ఆమె వెళ్ళాక ఆయన, హోమ్ కిటికీలోంచి మన కొండ కనిపిస్తుందా అని అడిగాడు. కార్ల షెడ్డు కనిపిస్తుందని నాకు తెలుసు. చూసి చెప్తానన్నాను.

గొర్రెల సంగతి కూడా రాయాలి. ఈసారి వానలోనే ఈనుతున్నాయి. లేవలేని పిల్లల్ని ఎప్పటిలాగే వెనక వంటింట్లో వేడినిచ్చే ఎర్రదీపం కింద గడ్డిపెట్టెలో పడుకోబెడుతున్నాను. కొట్టంలోకి రావొద్దని డాక్టరు కట్టడి చేశాడు కాబట్టి నాన్నకి ఆ పెట్టె ఒక్కటే మిగిలింది. పొద్దున్నించీ దాని పక్కన కుర్చీ వేసుకుని ముర్రుపాలు పట్టిస్తూ కూర్చుంటాడు. మామూలుగా ఇంట్లోకి తెచ్చినవాటిలో సగం పోయేవి, నీకు తెలుసు. ఈసారి ఒక్కటీ పోలేదు. ఎలా నాన్నా అంటే, నువ్వు ఉడకబెట్టి చంపేదానివి అన్నాడు.

అలాంటి మనిషిని కార్ల షెడ్డు ముందు కూర్చోబెట్టలేను. కాబట్టి ఇది అడగడం కాదు, చెప్పడం. బుధవారంలోగా వచ్చి నీ యంత్రాన్ని బాగుచెయ్యి, లేదా పాత బాయిలర్ తెచ్చి పెట్టు. రాకపోతే గట్టు మీది డబ్బాని నేనే వాగులో పడేస్తాను. అది అక్కడ ఎన్ని డిగ్రీలంటుందో నీ ఫోనులో చూసుకో.

విసిగిపోయిన నీ అక్క,
నెరిస్.

తా. క. సోమవారం మధ్యాహ్నం. టపా బండి ఇంకా రాలేదు కాబట్టి ఇది కూడా చదువు. పాలసీసా మర్చిపోయి కొట్టంనించి తొందరగా తిరిగొచ్చాను. వెనక వంటింటి తలుపు కొంచెం తెరిచి ఉంది. నీ తెల్ల డబ్బా గడ్డిపెట్టెలో, గొర్రెపిల్ల చెవి పక్కన నిలబెట్టి ఉంది. నాన్న కళ్ళజోడు లేకుండానే దాని అంకెలు చదువుతూ, దీపం గొలుసు ఒక్కో కొక్కెం పైకీ కిందికీ మారుస్తున్నాడు. ముప్ఫై అమ్మా, ఇంకాస్త ఉండు అని పిల్లతో చెబుతున్నాడు. అక్కడ ముప్ఫై అయితే ఇల్లంతా ముప్ఫై అనుకుని నీ యంత్రం పడుకుంటోంది. ఆయనకేం తెలుసు? అంతా నీ ఫోనులోంచి నడుస్తుందన్నావు. ఇక ఈ డబ్బా ఉత్త థర్మామీటరే అనుకున్నాడు. అమ్మ మంచి తువ్వాళ్ళు ఆ పెట్టెలో వేశాడని నేను కిందటి నెల అరిచాను, అందుకని నేను రాకముందే డబ్బాని తుడిచి గట్టు మీద పెట్టేస్తున్నాడు.

నేను లోపలికి వెళ్ళలేదు. ముంగిట్లోకి పోయి, బూట్లు గట్టిగా చప్పుడు చేస్తూ మళ్ళీ వచ్చాను. వచ్చేసరికి అది గట్టు మీద ఉంది. పైన నిన్ను అన్న మాటలు కొట్టెయ్యడం లేదు, కొన్ని ఎలాగూ నీకు చెప్పాల్సినవే. నువ్వు రానక్కర్లేదు. బుధవారంలోగా ఆ ఫోనులోంచే హీటింగ్ ఆ డబ్బా మాట వినకుండా చెయ్యి. పగలూ రాత్రీ ఆగకుండా నడవనీ. డబ్బా అంకెలు మాత్రం ఆర్పకు. ఇవాళ ఇంకో రెండు పిల్లలు లోపలికి వచ్చాయి.