బువా కట్టిన నూలుపోగు

హన్నక్కా, వందనాలు. నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెబితే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నాను.

సోమవారం ఇక్కడ లావోస్‌లో వరిచేల గట్టు మీద నడుస్తూ జారిపడ్డాను. చీలమండ బెణికి, వీపున బ్యాగుతో లేవలేకపోయాను. నాట్లు వేస్తున్న బువా అనే పెద్దావిడ నన్ను తన ఇంటికి నడిపించుకెళ్లి, కాలికి కట్టు కట్టి, రెండు రోజులు అన్నం పెట్టింది. బయల్దేరేటప్పుడు ఏదో మంత్రంలా చదువుతూ నా మణికట్టుకు తెల్ల నూలుపోగు కట్టబోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంగ్లీషు వచ్చిన ఆవిడ కూతురు, "మీరు క్షేమంగా ఇల్లు చేరాలని అమ్మ అడుగుతోందండీ, అంతే" అంది. అప్పుడు చెయ్యి చాచాను. తర్వాత ఆవిడ చేతులు పట్టుకుని నేను ప్రార్థన చేస్తే, ఆవిడా కళ్లు మూసుకుని వింది. ఎవరూ తెలియని చోట నాకోసం ఒక తల్లిని ఉంచిన దేవుడికి స్తోత్రం.

బావగారు షుగర్ పరీక్ష చేయించుకున్నారా? మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోయించు.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఎదురింటి రావమ్మ పిన్నిగారు గుడి నుంచి దారం తెస్తే, "మేం కట్టుకోమండీ" అని గుమ్మంలోంచే పంపేశాను. ఆవిడ కూడా దేవుణ్ణి ఇదే అడిగి ఉంటుంది. పామర్రు వచ్చాక నేనే వెళ్లి క్షమించమంటాను. ఈలోపు నువ్వు ఆవిడకు ఈ కార్డు చదివి వినిపించు.

మీ అందరికీ ప్రభువు తోడుండాలి.

నీ చెల్లి,
ప్రేమ