రహీం పెట్టిన మౌస్ ఫైలు

మంగళవారం

దబీర్‌పురా ట్రైనింగ్ సెంటర్‌లో మా కంప్యూటర్లకు హార్డ్ డిస్కులు లేవు, అన్నీ ఒక్క సర్వర్ మీదే బతుకుతాయి. రహీం పొద్దున వాటి మౌస్, కీబోర్డులు పనిచేయడానికి కావాల్సిన డివైస్ ఫైళ్లన్నీ సర్వర్‌లో పెట్టి చాయ్‌కి వెళ్లాడు. పాఠాలు చెప్పే వాణి మేడమ్‌ను ఏడిపిద్దామని, ఆమె ఒక్కదానిదే అనుకుని నేను మౌస్ ఫైలు ఒకటి తీసేశాను. అది అందరికీ కలిపి ఒక్కటేనట! ఇరవై మౌసులూ చచ్చాయి. రేపే పిల్లల పరీక్ష.

చాయ్ తాగి వచ్చిన రహీం మీద ఓనరు పొట్టతో సహా ఎగిరాడు. "గిదేనా రహీం నీ పని? రేపటి సంది రాకు!"

"సేఠ్, తీసింది నేనే," అన్నాను.

"నీ మజాకులు బంద్ జేయ్ నర్సింగ్! దోస్తును కాపాడతందుకు గిట్ల అబద్ధాలా?"

నమ్మించాలంటే ఆ ఫైలు మళ్లీ పెట్టి చూపాలి. అది మౌస్‌దని మిషనుకు చెప్పేందుకు దానికి ఇవ్వాల్సిన నంబర్లు రహీంకే తెలుసు. నా మాట నమ్మింది కూడా వాడొక్కడే. అందుకే నా ఫోన్ ఎత్తడం లేదు.