షారోను మొదటి జీతం కవరు

గ్రేసీకి, ప్రభువు కాపుదలలో బంగారుపాళ్యం చేరాను. ఒళ్లు బాగుంది, మనసే బాగాలేదు. ఫోన్‌లో అయితే మధ్యలో అరుస్తానని కార్డు రాస్తున్నాను.

నిన్న నేను వాక్యం చెప్పిన మందిరంలో మా తమ్ముడి కూతురు షారోను మొదటి నెల జీతాన్ని ప్రథమ ఫలంగా కానుక పెట్టింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ముప్పై ఒక్క వేలు. అది ఫుడ్ టెక్నాలజీలో చేరిననాడు "రసం పిండేదానికి డిగ్రీ ఎందుకే?" అని నవ్వింది నేనే. నా మాట విని బీఏ చదివిన మనబ్బాయి దానియేలు పోయినేడు పెట్టిన కవరులో తొమ్మిది వేలే. షారోను కవరెత్తి దీవించమని నా చేతికిచ్చారు. దీవెన రాలేదు. దేవుడు కవరు మందం చూడడంటూ, బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసుల మీద అరగంట గర్జించాను.

బయటికొచ్చాక తమ్ముడు, "దీవించమంటే తూకమేసినావేం అన్నా?" అన్నాడు. షారోను మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మీ కోమలికీ ఈ చదువే కావాలంట పెద్దనాయనా. నీతో చెప్పేదానికి భయమంట" అంది. అసూయ ఎముకలకు కుళ్లని వంద సభల్లో చెప్పింది ఈ నోరే.

కాలేజీ దరఖాస్తులో నేను పెట్టించిన బీఏ తీసేసి, మనమ్మాయిని తనకు కావలసింది పెట్టుకోమను. ఇరవయ్యో తేదీ ఆఖరు. మేక ఈనిందా? కళ్లద్దాలు మరిచాను, దానియేలు చేత పంపు. వాడి దగ్గర జీతం ఊసెత్తొద్దు.

నాలో మంట ఇంకా ఆరలేదు. ఆదివారం షారోనును మళ్లీ నిలబెట్టి దీవిస్తానని మాటిచ్చాను. ఆ దీవెన నా నోట రావాలని మీ ముగ్గురూ ప్రార్థించండి.

ఇమ్మానుయేల్